బడి ఖర్చు, ఊరి కాపుదల: పంచాయతీ బాధ్యత ఎంతవరకు?

దేవరకొండ దుర్గము చుట్టునున్న పల్లెలలోనైనను, డిండి, చందంపేటల వైపు తండాలలోనైనను గ్రామసభ కూడిన దినమున రెండు ప్రశ్నలు లేచుట సహజము. "బడికి పైకము ఏల కేటాయింపరు?" అని తల్లులు అడుగుదురు. "రాత్రివేళ ఊరికి కాపుదల ఎవరిది?" అని పెద్దలు అడుగుదురు. కొంత వాదము జరుగును. తుదకు తీర్మానపు పుస్తకములో ఒక వాక్యము వ్రాసి, సంతకములు చేసి, ఎవరి యిండ్లకు వారు పోవుదురు. ఆరు మాసములు గడచినను పని జరుగనిచో "మన పంచాయతీ చేతకానిది" అను నింద మిగులును.

లోపము తరచుగా ఆ తీర్మానములోనే యుండును. తనకు అధికారము లేని పనిని చేయుదునని పంచాయతీ వ్రాసికొనుట ఒక పొరపాటు. చట్టము తనకు అప్పగించిన పనిని మరచుట అంతకంటె పెద్ద పొరపాటు. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గముల పదవీకాలము ముగిసి, ప్రత్యేకాధికారుల పాలన నడచి, 2025 డిసెంబరు ఎన్నికలతో మరల ప్రజాప్రతినిధులు వచ్చిరి. వారిలో మొదటిసారి సభ్యులైనవారును గలరు. కావున ఈ రెండు విషయములలో ఎవరి అధికారము ఏమో, ఎవరి బాధ్యత ఏమో తెలిసికొనుట అవసరము.

బడి ఎవరిది?

మన పొరుగుననే, అప్పటి పాలమూరు జిల్లాలోని షాద్‌నగరులో, 1959 అక్టోబరులో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్య వ్యవస్థను ప్రారంభించెను. ఆ యేర్పాటులో ప్రాథమిక విద్య పంచాయతీ సమితుల బాధ్యతయు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల బాధ్యతయు అయినవి. 1986లో మండల వ్యవస్థ వచ్చిన తరువాత సమితుల స్థానమును మండల పరిషత్తులు తీసికొన్నవి. అందువలననే నేటికిని మన బడుల పలకలపై "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల", "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అని కనిపించును.

పేరు పరిషత్తుదే అయినను ఉపాధ్యాయుల జీతము రాష్ట్ర ప్రభుత్వ ఖజానా నుండి వచ్చును. నియామకములు, బదిలీలు విద్యాశాఖ చేతిలోనున్నవి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. వానిలో ప్రాథమిక, మాధ్యమిక విద్య పదునేడవది. అయితే షెడ్యూలులో పేరుండుట వేరు, దానికి తగిన ధనమును సిబ్బందిని అప్పగించుట వేరు. ఆ అప్పగింత ఎంతవరకు అన్నది ప్రతి రాష్ట్రము తన చట్టము ద్వారా నిర్ణయించును. కావున "ఇద్దరు ఉపాధ్యాయులను నియమింపవలెను" అని గ్రామపంచాయతీ తనకు తానే ఆజ్ఞ వ్రాసికొన్నచో ఫలము లేదు. అదే మాటను కారణములతో, పిల్లల సంఖ్యతో, మండల విద్యాధికారికి విజ్ఞప్తిగా పంపినచో అది చేరవలసిన చోటికి చేరును.

బడికి పైకము వచ్చు దారులు

సమగ్ర శిక్ష పథకమున ప్రతి ప్రభుత్వ పాఠశాలకు ఏటేటా నిర్వహణ గ్రాంటు నిర్ణయింపబడినది. 2018లో ఆరంభమైన ఈ పథకపు నియమముల ప్రకారము 30 మంది వరకు పిల్లలున్న బడికి 10,000 రూపాయలు, 100 మంది వరకు 25,000, 250 మంది వరకు 50,000, వేయిమంది వరకు 75,000, అంతకు మించినచో లక్ష రూపాయలు. ఇందులో కనీసము పదవ వంతు పరిశుభ్రతకు వెచ్చింపవలెను.

ఒక ఉదాహరణము చూతము. ఒక తండా బడిలో 62 మంది పిల్లలున్నారనుకొందము. గ్రాంటు 25,000. పరిశుభ్రతకు కనీసము 2,500 తీసివేయగా 22,500 మిగులును. పది మాసముల బడికి పంచినచో మాసమునకు 2,250 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, దీపపు బిల్లు, విరిగిన తలుపు గడియ, చెడిన కొళాయి అన్నియు దీనిలోనే. ప్రహరీగోడ కట్టుటకు ఈ ధనము చాలదని వేరుగ చెప్పనక్కరలేదు. గ్రామసభలో ప్రధానోపాధ్యాయుని "ఆ డబ్బంతయు ఏమైనది?" అని నిలదీయుటకు ముందు ఈ లెక్క మనసులో నుంచుకొనుట న్యాయము. అట్లే ఆ లెక్కను చూపుమని అడుగుటయు తలిదండ్రుల హక్కే.

రెండవ దారి గ్రామపంచాయతీ నిధులు. 2021–26 సంవత్సరములకు పదునైదవ ఆర్థిక సంఘము గ్రామములకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతము త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును ప్రత్యేకింపబడినది. 40 శాతము స్థానికావసరములకు విడువబడినది. దానిని జీతములకు వాడరాదు. బడిలోని నీటికొళాయియు, ఆడపిల్లల మరుగుదొడ్డియు ఊరి నీటిలో, ఊరి పారిశుద్ధ్యములో భాగమే గదా యని వార్డు సభ్యులు వాదింపవచ్చును. ఫ్లోరైడు నీటి వలన తరతరములుగా బాధపడిన నల్లగొండ జిల్లాలో బడిపిల్లలు త్రాగు నీటిని గురించిన వాదమును ఎవరును చిన్నదిగా తలపరాదు.

మూడవ దారి అన్నిటికంటె ముఖ్యము, అన్నిటికంటె తక్కువగా వాడుకలోనున్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ యుండవలెనని చెప్పినది. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులు లేక సంరక్షకులు, సగము మంది స్త్రీలు ఉండవలెను. ఈ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారు చేయవలెను. ప్రభుత్వము గాని, స్థానిక సంస్థ గాని ఇచ్చు గ్రాంటులకు ఆ ప్రణాళికయే ఆధారమని చట్టపు 22వ విభాగము స్పష్టముగా చెప్పుచున్నది. 2024లో తెలంగాణమున మహిళా సంఘముల నాయకత్వమున అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలును ఏర్పడి బడి మరమ్మతుల పనులు చేపట్టినవి. కావున బడికి ఏమి కావలెనో కాగితముపై పెట్టని ఊరు పైకము రాలేదని ఎంత వగచినను ప్రయోజనము స్వల్పము.

కాపుదల ఎవరిది?

నిజాము కాలమున మన గ్రామములలో మాలీ పటేలు పన్ను వసూలును, పోలీసు పటేలు శాంతిభద్రతలను చూచుచుండిరి. ఆ పదవులు వంశపారంపర్యములు. ఒకే యింటి చేతిలో అధికారము తరతరములు నిలిచినచో పేదవానికి ఏమగునో నల్లగొండ జిల్లా వృద్ధులకు తెలియును. 1984లో ప్రభుత్వము పటేలు, పట్వారీ పదవులను రద్దు చేసినది. ఆ తరువాత ఊరిలో పోలీసు అధికారము గల గ్రామస్థుడు లేడు.

రాజ్యాంగము పోలీసును రాష్ట్ర జాబితాలోనుంచినది. పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో అది లేదు. కావున గ్రామపంచాయతీ ఎవరినైనను నిర్బంధించుటకు గాని, ఇల్లు సోదా చేయుటకు గాని, నేరమునకు జరిమానా వేయుటకు గాని అధికారము లేదు. ఊరి పెద్దల పేరున కొందరు కూడి కుటుంబములను వెలివేయుట, దండుగ వసూలు చేయుట కాపుదల కాదు. అది స్వయముగ నేరము.

అట్లని పంచాయతీ సభ్యునికి ఏ బాధ్యతయు లేదనుట సరికాదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ విభాగము పంచాయతీ సభ్యునిపై ఒక విధిని మోపినది. దొంగసొత్తు కొని అమ్మువాడుగ పేరుపడినవాడు ఊరిలో నివసించుట, పరారీలోనున్న నేరస్థుని రాకపోకలు, ఊరిలోగాని సమీపమునగాని బెయిలు దొరకని నేరము జరుగుట, అనుమానాస్పద మరణము మొదలగు విషయములు తెలిసినచో మేజిస్ట్రేటునకు లేక ఠాణాకు వెంటనే తెలుపవలెను. పూర్వపు శిక్షాస్మృతి విధానములోను ఈ నియమముండెను. దీనిని ఎరిగిన సభ్యులు ఎందరో ఆలోచింపుడు.

తెలంగాణ పోలీసు శాఖ గ్రామమునకు ఒక కానిస్టేబులును గ్రామ పోలీసు అధికారిగా నిర్ణయించు పద్ధతిని అవలంబించినది. ఆయన పేరును, ఫోను నంబరును పంచాయతీ గోడపై వ్రాయించుట ఖర్చులేని పని. గ్రామసభకు ఆయనను పిలుచుటయు అట్టిదే. కేరళ రాష్ట్రము 2008లో జనమైత్రి పేర ఆరంభించిన ఏర్పాటులో బీటు పోలీసు ఇల్లిల్లు తిరిగి జనులను పేరుపేరున ఎరుగును. తమిళనాడులో మాత్రము వేరొక పాఠమున్నది. అక్కడ 1993 నుండి నడచిన పోలీసు మిత్రుల దళమును, 2020లో సాత్తాన్‌కుళం ఠాణాలో నిర్బంధింపబడిన తండ్రీకొడుకులు మరణించిన పిమ్మట, ఆ ప్రభుత్వమే నిలిపివేసినది. ఊరివారు పోలీసుకు సమాచార మిచ్చుట మేలు. ఊరివారే లాఠీ పట్టుట కీడు.

కెమెరాల విషయమును ఇట్లే చూడవలెను. చందాలు వేసి కెమెరాలు పెట్టించిన ఊళ్లు మన రాష్ట్రమున అనేకములున్నవి. పెట్టు దినమున ఉత్సాహముండును. ఏడాది తరువాత కరెంటు బిల్లు, చెడిన తీగ, నిండిన రికార్డరు ఎవరి బాధ్యత? ఆ దృశ్యములను చూచు అధికారము ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకు తీర్మానములోనే సమాధానముండవలెను.

రెండు ప్రశ్నలు కలియు చోటు

బడికా, కాపుదలకా యను వాదములో ఒక సంగతి మరుగునపడుచున్నది. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతముల నుండి కుటుంబములు పనులకై వలసపోవుట పాత కథ. తలిదండ్రుల వెంట పోయిన బిడ్డ ముందు బడికి దూరమగును. పిమ్మట ఎవరి దృష్టికిని అందక పోవును. ఈ ప్రాంతపు తండాల నుండి ఆడశిశువుల విక్రయమును గురించి 1999–2001 నడుమ దేశమంతట వార్తలు వెలువడినవి. చిన్నవయసు పెండ్లిండ్లును మనకు తెలియని విషయము కాదు. 2006 నాటి చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట నేరము. ఇట్టి నేరమునకు మొదటి సాక్ష్యము ఠాణాలో దొరకదు. బడి హాజరు పట్టీలో దొరకును.

విద్యాహక్కు చట్టపు 9వ విభాగము ఇక్కడ దారి చూపుచున్నది. తన పరిధిలోని 14 ఏండ్ల లోపు పిల్లలందరి వివరములను నమోదు చేయుట, వారి చేరికను హాజరును గమనించుట, వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్చుట స్థానిక సంస్థ బాధ్యతలని అది చెప్పుచున్నది. ఈ పట్టీకి కావలసినది ఒక పుస్తకము, ఒక కలము, ఇల్లిల్లు తిరుగు ఓపిక. పది దినములు వరుసగ రాని బాలిక పేరు ఉపాధ్యాయుని నుండి వార్డు సభ్యురాలికి, అచటి నుండి అవసరమైనచో గ్రామ పోలీసు అధికారికి లేక 1098 బాలల సహాయ నంబరునకు చేరినచో, ఆ ఊరిలో బడియు కాపుదలయు ఒకే పని చేసినట్లే.

తీర్మానము వ్రాయు విధము

"బడిని బాగుచేయవలెను, దొంగతనములు అరికట్టవలెను" అను తీర్మానము ఎవరిని కదిలింపదు. పని ఏది, ఖర్చెంత, ఏ నిధి నుండి, ఎవరు చేయవలెను, ఏ తేదీ లోపల అను అయిదు మాటలు ప్రతి తీర్మానములో నుండవలెను. పంచాయతీ స్వయముగ చేయగలదానిని ఆజ్ఞగా వ్రాయవలెను. పై అధికారి చేయవలసినదానిని విజ్ఞప్తిగా వ్రాసి, ప్రతిని పంపి, రసీదు తీసికొనవలెను. తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టము, 2018, రెండు మాసముల కొకసారియైన గ్రామసభ జరుపవలెనని నిర్దేశించినది. వచ్చు సభలో మొదట పాత తీర్మానములను చదివి, అయినదేదో కానిదేదో చెప్పిన పిమ్మటనే కొత్తవానిని చేపట్టుట మంచి ఆచారము.

ఈ చట్టముతో అనేక తండాలు స్వంత పంచాయతీలైనవి. నిన్నటివరకు పెద్ద ఊరి సభలో వెనుక వరుసలో నిలుచున్న తల్లి నేడు తన తండా సభలో ముందు కూర్చుండగలదు. ఆమె అడుగు ప్రశ్న చిన్నదే: నా బిడ్డ బడికి పోయి క్షేమముగ ఇంటికి వచ్చునా? ఆ ప్రశ్నకు తీర్మానపు పుస్తకములో తేదీతో, లెక్కతో సమాధానము వ్రాయుట పంచాయతీ పని. వ్రాసినది జరిగినదా యని తరువాతి సభలో అడుగుట మన పని.