63 కోర్లు ఎవరి కోసం?

ఎంటెక్ ఫైనల్ రివ్యూకి ఇంకా నాలుగు రోజులే టైముంది. నా చేతిలో 400 వర్షపాతం డేటా ఫైళ్లు. ఒక్కోదాని మీదా నా ప్రోగ్రాం నడవాలి. ల్యాప్‌టాప్‌తో అయ్యే పని కాదని కాలేజీ క్లస్టర్‌ని నమ్ముకున్నా. ‘ఎందుకైనా మంచిది’ అని 64 కోర్లు, 48 గంటలు అడిగేశా. రెండు రోజులు గడిచినా స్క్రీన్ మీద ఒకటే మాట... పెండింగ్!

క్లస్టర్ అంటే నెట్‌వర్క్‌తో కలిపిన బోలెడు కంప్యూటర్లు. వాటిని నడిపేది ఎక్కువగా లైనక్సే. 2017 నవంబర్ నుంచి ప్రపంచ టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఎవరి పని ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది షెడ్యూలర్. మా దగ్గరున్నది స్లర్మ్.

దాని తీరు ఆదివారం పొద్దున టిఫిన్ సెంటర్ లాంటిదే. ఎనిమిది మంది కలిసి వస్తే అన్ని కుర్చీలూ ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ఈలోపు ‘ఒక్కణ్నే, అయిదు నిమిషాలు చాలు’ అన్నవాడు ఇడ్లీ తినేసి వెళ్లిపోతాడు. గుంపుకి ఆలస్యం కాదు, కుర్చీ ఖాళీగా ఉండదు. దీన్నే బ్యాక్‌ఫిల్ అంటారు.

నా స్క్రిప్ట్ చూసి ల్యాబ్‌లో సీనియర్ అక్క అడిగింది: ‘‘నీ ప్రోగ్రాం వాడేది ఒక్క కోరే కదరా. మిగతా 63 ఎవరి కోసం?’’ సిగ్గేసింది. నా వెనక క్యూలో తన జాబూ ఉంది మరి!

అక్క చెప్పినట్టు ముందు ఒక్క ఫైల్ నడిపి చూశా. 20 నిమిషాలు, 2 జీబీ మెమరీ పట్టింది. ఆ లెక్కన 400 ఫైళ్లు ఒకదాని తర్వాత ఒకటి నడిస్తే 133 గంటలు! అంటే నా జాబ్ మొదలైనా, సగం కూడా అవకుండానే 48 గంటలకి స్లర్మ్ ఆపేసేది.

ఈసారి జాబ్ అర్రే వాడా. ఒకే స్క్రిప్ట్, 400 చిన్న పనులు. ఒక్కోదానికి ఒక కోర్, 3 జీబీ, 30 నిమిషాలు. మిగతావాళ్లకీ చోటుండాలని ఒకేసారి 50కి మించకుండా హద్దు పెట్టా. రాత్రి సబ్మిట్ చేస్తే తెల్లారేసరికి 400 ఫలితాలూ వచ్చేశాయి.

మీరూ క్లస్టర్ వాడుతుంటే, ముందు చిన్న టెస్ట్ చేయండి. వచ్చిన లెక్కకి కాస్త కలిపి అడగండి. మరీ తక్కువ అడిగితే జాబ్ మధ్యలోనే పోతుంది. లాగిన్ నోడ్ మీద మాత్రం పెద్ద పనులు నడపొద్దు. అది అందరూ లోపలికొచ్చే గుమ్మం.

ఆ పొద్దునే అక్క జాబ్ కూడా రన్నింగ్‌లోకి వచ్చింది. టిఫిన్ బిల్లు నేనే కట్టా!