కాలు నీళ్లకి తగిలే లోపు

పిల్లలూ, మనిషి కనిపించే అతి పాత ఫొటోల్లో ఒకటి వీధి ఫొటోయే. 1838లో పారిస్‌లో లూయీ డగేర్ తన కిటికీలోంచి కింద ఉన్న పెద్ద వీధిని తీశాడు. అది బళ్లతో, గుర్రాలతో, వచ్చేపోయే జనంతో కిటకిటలాడే వీధి. ఫొటోలో చూస్తే చెట్లున్నాయి, మేడలున్నాయి, జనం మాత్రం లేరు! ఓ మూల ఒకాయన నిలబడి బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాడు.

మరి తక్కిన జనమంతా ఏమైనట్టు? డగేర్ వాడింది వెండి పూత పూసిన రాగిరేకు. దానికి అయోడిన్ ఆవిరి పట్టిస్తే వెలుగుకి స్పందించే పలచని పొర కడుతుంది. వెలుగు తగిలాక పాదరసపు ఆవిరి పట్టిస్తే బొమ్మ తేలుతుంది. కానీ ఆ పొర మహా మందకొడి, నిమిషాల తరబడి వెలుగు పడితే గానీ బొమ్మ పట్టదు. చూరు నీళ్లు ఒకేచోట పడితే బిందె నిండుతుంది, ధార జరిగిపోతూ ఉంటే వరసగా ఎన్ని బిందెలు పెట్టినా ఒక్కటీ నిండదు కదా! ఇదీ అంతే. మేడ మీంచి వచ్చే వెలుగు రేకు మీద ఒక్కచోటే పడుతుంది. నడిచేవాడి వెలుగు జరిగిపోతుంది, వాడి జాడే ఉండదు.

బూట్ల ఆయన కాలు కదపకుండా నిలబడ్డాడు గనక మిగిలాడు. పాలిష్ చేసే అతనూ ఉన్నాడు గానీ మసకమసకగా ఉన్నాడు. పనిచేసే చేతులు ఊరుకోవు మరి! ఆ ఫొటో చూసినప్పుడల్లా నా మనసు అతని దగ్గరే ఆగిపోతుంది. చేయించుకున్నవాడు తేటగా పడ్డాడు, కష్టపడ్డవాడు చెరిగిపోయాడు. అలా చెయ్యాలని డగేర్ అనుకోలేదు. ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో ఆ రేకే తేల్చేసింది.

ఆ తేల్చే పని మనిషి చేతికి వచ్చాకే వీధి ఫొటో కళ అయిందంటాను నేను. దానికి చాలా ఏళ్లు పట్టింది. పొరలు చురుకయ్యాయి, కెమెరాలు చిన్నవయ్యాయి. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఇంజనీరుకి ఉబ్బసం. బరువైన కెమెరా మోసుకు తిరగలేక, సినిమా ఫిల్ము పట్టే బుల్లి కెమెరా తయారుచేశాడు. అదే 1925లో లైకా పేరుతో బయటికొచ్చింది. అందులో వెలుగుని లోపలికి వదిలే షట్టర్ సెకనులో 500వ వంతు సేపు మాత్రమే తెరుచుకునేలా పెట్టుకోవచ్చు. ఓ లెక్క వేద్దాం. మామూలుగా నడిచే మనిషి గంటకి 5 కిలోమీటర్లు వెళ్తాడు, అంటే సెకనుకి దాదాపు 1.4 మీటర్లు. సెకనులో 500వ వంతులో 3 మిల్లీమీటర్లు కూడా కదలడు. ఇంక చెరిగిపోవడమెక్కడ?

వేగం ఉంది కదా అని ఎప్పుడూ వేగమే వాడాలని లేదు. ఫొటోగ్రాఫర్ రఘు రాయ్ 1995లో ముంబై చర్చ్‌గేట్ స్టేషన్‌లో తీసిన ఫొటో చూడండి. కావాలనే షట్టర్‌ని నెమ్మదిగా నడిపారు. జనమంతా పొగలా కరిగిపోయారు, పేపరు చదువుకుంటూ కదలని వాళ్లు మాత్రం నిలిచారు. ఇక్కడ ఎవరిని ఉంచాలో అనుకున్నది మనిషే.

ఇంకో చిక్కుంది. కంటికి కనపడింది మెదడుకి చేరి, వేలు నొక్కేసరికి మనకి దాదాపు పావు సెకను పడుతుంది. ఆలోపు నడిచే మనిషి 35 సెంటీమీటర్లు జరిగిపోతాడు! చూసి నొక్కితే ఆలస్యమే. అందుకే ఆరితేరినవాళ్లు ముందు చోటు ఎంచుకుంటారు. గోడ ఎలా ఉంది, వెలుగు ఎటు పడుతోంది అని చూసుకుని, మనిషి అక్కడికి వచ్చేదాకా కాచుకుంటారు. ఫోకస్ కూడా ముందే పెట్టేస్తారు. 35 మిల్లీమీటర్ల లెన్సు కంతని ఎఫ్-8 దగ్గర పెట్టి, 3 మీటర్లకి ఫోకస్ చేస్తే, 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా ఉన్నదంతా దాదాపు తేటగానే వస్తుంది. ఇక చూడాల్సింది మనుషులనే, కెమెరాని కాదు.

1932లో ఆన్రీ కార్టియే-బ్రెసోఁ అనే ఫొటోగ్రాఫర్ పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక అలాంటి ఓ క్షణాన్ని పట్టాడు. నేలంతా నీళ్లు. నీళ్లలో ఓ నిచ్చెన పడి ఉంది. దాని మీంచి ఒకాయన ఎగిరాడు. మడమ నీళ్లకి తగలబోతోంది, ఇంకా తగల్లేదు. కింద నీళ్లలో ఆయన నీడ తలకిందులుగా కనిపిస్తోంది. వెనక గోడ మీది పోస్టరులో ఓ నర్తకి కూడా అలాగే గాల్లో ఉంది! ఇది కంచె పలకల సందులోంచి తీసిన ఫొటో, తనకే సరిగా కనపడలేదని ఆయన చెప్పుకున్నాడు. అదృష్టం లేదని ఎలా అంటాం? కానీ ఆ సందు దగ్గర కెమెరాతో నిలబడింది ఆయనే కదా!

మీరూ సాయంత్రం బజారుకి వెళ్లినప్పుడు ఓ మంచి గోడ చూసుకుని నిలబడండి. అటు వచ్చే మనిషిని దూరం నుంచే గమనించండి. ఆ చోటికి ఒక అడుగు ముందే నొక్కేయండి. తర్వాత ఆ ఫొటో ఆయనకి చూపించండి. వద్దంటే అక్కడే చెరిపేయండి.