వాగునీటి వైరము

బొబ్బిలి కథ వినని తెలుగు బాలుడు అరుదు. తాండ్ర పాపారాయుని పేరు చెప్పగానే తరగతిలో కన్నులు మెరయును. విజయరామరాజు పేరు వినగానే మొగములు ముడుచుకొనును. ఆ ముడుచుకొన్న మొగములను గూర్చియే ఈ నాలుగు మాటలు.

విజయనగరము, బొబ్బిలి ఇరుగుపొరుగు సంస్థానములు. వాగుల నీటిని తమ పొలములకు మళ్ళించుకొనుట వంటి తగవులు వారి మధ్య నుండెడివని ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ వ్రాసినాడు. ఇట్టి తగవులు మన పల్లెలలో నాట్ల వేళ నేటికిని పుట్టుచునే యున్నవి, పెద్దమనుష్యుల యెదుట తీరుచునే యున్నవి. నీటి తగవునకు వంశాభిమానము తోడైనచో మాత్రము పెద్దమనుష్యులకు పని లేదు. ఎదుటివాడు మాటాడదగిన మనిషిగానే కనిపింపడు. విజయరామరాజు పొరుగువానిపైకి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను తెచ్చెను. 1757 జనవరి 24న కోట కూలినది. రంగారావు పోరులో మడిసెను. స్త్రీలు, పసిబిడ్డలు పగవారికి చిక్కకుండ తమవారి చేతనే హతులైరి. కొలది దినములకే పాపారాయుడు శిబిరము చొచ్చి విజయరామరాజును పొడిచి చంపెను.

కథకులు సాధారణముగా ఇచ్చట ఆపుదురు. చరిత్ర ఆగలేదు. విజయరామరాజు వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారిని విడిచి ఆంగ్లేయులను పిలిచెను. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిరి. పిలిచినవారి గతి యేమి? 1794 జూలై 10న కంపెనీ సేన పద్మనాభము వద్ద విజయనగర ప్రభువు చిన్న విజయరామరాజునే చంపినది. ఆ పిమ్మట బొబ్బిలివారికి వారి సంస్థానమును తిరిగి యిచ్చినదియు ఆ కంపెనీయే. ఇచ్చువాడెవడో, పుచ్చుకొనువాడెవడో అప్పటికిగాని ఇరు పక్షములకును తెలియలేదు.

నేడు బొబ్బిలి విజయనగరము జిల్లాలోనే యున్నది. ఆ జిల్లా ఏర్పడినది 1979లో. కోటగోడలు పోయినవి గాని ఎన్నికల వేళ ఎదుటి జెండా పట్టినవానిని ద్రోహి యనుట పోలేదు. ఆ మాట ఇంట విని వచ్చిన పిల్లలే మరునాడు బడిలో ఒకే బల్లపై కూర్చుందురు.

ఉపాధ్యాయ మిత్రులు ఒక పని చేసి చూడవచ్చును. పద్మనాభము కథకు బొబ్బిలి కథకున్నంత ప్రచారము లేదు. దానిని ముందు చెప్పవలెను. సంస్థానము విడిచి పొమ్మన్న కంపెనీ ఆజ్ఞను ధిక్కరించి, అనుచరులతో నిలిచి ప్రాణములిచ్చిన రాజును పిల్లలు మెచ్చుకొననిండు. ఆయన పేరు విజయరామరాజని, ఆయనది పూసపాటి వంశమని అటుపిమ్మట చెప్పి, బొబ్బిలి కథ అప్పుడు ఎత్తుకొనవలెను.