కరువు కూడు కోసమేనా?

మా దిల్‌సుఖ్‌నగర్‌లోనూ, పక్కనున్న ఎల్‌.బి. నగర్‌లోనూ ఒంగోలు సీమ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నవి. వారిలో క్రైస్తవులను చూసి, “మీ తాతలు కరువులో గంజి కోసం కలిసినవారే గదా!” అని తేలికగా అనేవారి మాటలు నా చెవిని పడుతుంటవి. అందులో నిజమెంతో తేలాలంటే ఒంగోలు సంఘం పుట్టుక తెలియాలి.

1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఆ సంఘం ఏర్పడింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర అంతకు కొన్ని నెలల ముందే ఒంగోలు చేరాడు. అయితే పల్లెలకు దారి చూపింది దొర కాదు; యర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ళ వర్తకుడు, యోగసాధన చేసినవాడు. బేరం మీద ఏలూరు దాకా పోయి క్రీస్తు మాట విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో సహా బాప్తిస్మం పొందాడు. మరుసటి జనవరిలో, ఒంగోలుకు 40 మైళ్ళ దూరాన ఉన్న తన పల్లెకు దొరను పిలిపించాడు. చింతచెట్ల నీడన అయిదు రోజులు కూటాలు జరిగినవి. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అది లాభసాటి బేరమేమీ కాదు. జాతరలకు డప్పు కొట్టము, చచ్చిన గొడ్డును తినము అన్నందుకు వారికి పనులు పోయినవి, దెబ్బలూ తగిలినవి. అయినా కరువుకు ముందే సంఘం వేలలోకి పెరిగింది.

1876లో ధాత కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం క్లౌ కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. అక్కడి కూలీలు చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. సుమారు 15 నెలలు ఎవ్వరికీ ఇవ్వలేదు. అన్నానికి ఆశపడి వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల.

1878 జూన్ నాటికి కరువు పని ముగిసింది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం గుమికూడారు. ఇక పని లేదు, పైకమూ లేదు, వెళ్ళిపొమ్మన్నాడు దొర. అవేవీ అక్కరలేదన్నారు వారు. జూలై 3న ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున ఏటిలో దిగి, ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

కరువు వారిని మిషను దగ్గరకు చేర్చిన మాట నిజమే. అయితే ఇకమీదట ఎవరైనా కరువు కూడు మాట ఎత్తితే ఒక్క సంగతి చెప్పండి: గంజి దొరికినన్నాళ్ళూ ఆ తలుపు మూసే ఉంది, గంజి అయిపోయిన తరువాతనే తెరుచుకుంది.