తాళంచెవి మేకుకి తగిలిస్తే...

అర్ధరాత్రి దాటాక నొప్పులతో ఒకామె ఆసుపత్రికి వస్తుంది. గ్లవుజులు బీరువాలో ఉన్నాయి. తాళంచెవేమో పగటి డ్యూటీ సిస్టర్‌తో పాటు ఇంటికెళ్లిపోయింది. ఇలాంటప్పుడు 'సిబ్బందికి శిక్షణ అవసరం' అని నివేదిక రాసేవాళ్లకు కొదవలేదు. తాళంచెవిని గోడ మేకుకి తగిలించి, వారంపాటు ఏమవుతుందో చూద్దాం అనేవాళ్లే తక్కువ.

అలా చూడటానికీ ఒక పద్ధతుంది. అమెరికా గణాంక నిపుణుడు డెమింగ్ 1950లో జపాన్ వెళ్లి ఇంజినీర్లకు పాఠాలు చెప్పాక అక్కడి ఫ్యాక్టరీల్లో పాతుకున్న పద్ధతే ఇది. ఒక మార్పు అనుకోవడం, చిన్నగా చేసి చూడటం, లెక్క తీయడం, ఆపైన ఉంచాలో తీసేయాలో తేల్చుకోవడం. ఒక నర్సు, ఒక షిఫ్టు, ఒక రోజు చాలు మొదలుపెట్టడానికి. వంటింట్లో ఇది కొత్తేం కాదు. పులుసు అరచేతిలో వేసుకుని ఉప్పు చూడకుండా ఎవరు వడ్డిస్తారు? సర్క్యులర్లు రాసేవాళ్లకే ఆ అలవాటు అబ్బలేదు.

కాన్పు గదిలో ఈ ఉప్పు చూడటం మన పొరుగునే జరిగింది. చేతులు కడుక్కున్నారా, కాన్పు కాగానే రక్తస్రావాన్ని అడ్డుకునే ఆక్సిటోసిన్ ఇచ్చారా వంటి 29 పనుల జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో కర్ణాటకలోని ఒకే ఒక్క ఆసుపత్రిలో పరీక్షించింది. అంతకుముందు సగటున 10 పనులే జరిగేవి. జాబితా వచ్చాక 25 జరిగాయి.

ఇంకెవరైనా అయితే ఆ అంకె పట్టుకుని దేశమంతా జీవో ఇచ్చేసేవారు. అమెరికా సర్జన్ అతుల్ గవాండే బృందం అలా చేయలేదు. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రులను తీసుకుని సగంలో జాబితా పెట్టి, పక్కన నిలబడి నేర్పే నర్సులను 8 నెలలు పంపింది. మిగతా సగాన్ని ఉన్నట్టే వదిలేసింది. లక్షన్నరకు పైగా కాన్పులు లెక్కలోకొచ్చాయి. మొదలుపెట్టిన రెండు నెలలకు, అవసరమైన పనుల్లో జాబితా ఉన్నచోట 73 శాతం, లేనిచోట 42 శాతం జరుగుతున్నాయి. నేర్పేవాళ్లు వెళ్లిపోయాక, మొదలుపెట్టిన ఏడాదికి ఆ 73 కాస్తా 62కి దిగింది.

తల్లీబిడ్డల మరణాలు, తల్లులకు వచ్చిన తీవ్ర సమస్యలు కలిపి చూస్తే జాబితా ఉన్నచోట 15.1 శాతం, లేనిచోట 15.3. తేడా లేనట్టే! అలవాట్లు మారాయి, ప్రాణాలు నిలవలేదు. క్లిష్టమైన కాన్పును గట్టెక్కించే నైపుణ్యాన్ని, సమయానికి పెద్దాసుపత్రికి చేర్చే ఏర్పాటును కాగితం తెచ్చిపెట్టలేదు మరి. 2017లో ఈ ఫలితాన్ని దాచకుండా అచ్చేశారు. నన్నడిగితే ఆ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైనది అదే.

మన తాళంచెవి సంగతికొస్తే, వారం తర్వాత అడగాల్సినవి రెండు. ఎన్ని రాత్రులు అది మేకుకే దొరికింది? దొరికిన రాత్రుల్లో సిస్టర్ చేతికి గ్లవుజులు ఎంతసేపట్లో వచ్చాయి? రెండోదానికి జవాబు మారకపోతే మేకు పీకేసి, గ్లవుజుల డబ్బానే బల్ల మీదికి తెచ్చి, ఇంకో వారం చూడాలి.