గాలికి కట్టే సుంకం

సెలవు రోజు పదిమంది కలిసి సైకిళ్ల మీద అరవై కిలోమీటర్లు వెళ్లొద్దామనుకున్నప్పుడు, కొత్తగా చేరినవారికి కలిగే మొదటి సందేహం "అంత దూరం నా కాళ్లు లాగగలవా?" అని. ఇక జిమ్‌లో తొడల వ్యాయామాలు మొదలవుతాయి, కొత్త సైకిల్ ధరల వాకబు మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉండి రోజూ గంటసేపు చురుగ్గా నడిచే మనిషికి అరవై కిలోమీటర్ల చదును దారి అందనిదేమీ కాదు. మధ్యలో చతికిలబడేవారిని చాలావరకు పడగొట్టేది తమది కాని వేగం. కాబట్టి ఇలాంటి యాత్రకు సన్నాహమంటే ప్రధానంగా తన వేగమేదో తెలుసుకోవడం, పదిమందిలోనూ దాన్ని నిలబెట్టుకోవడం. ఓదార్పు కోసం చెప్పే మాటలా వినిపించినా, దీని వెనక వాట్లలో, గ్రాముల్లో వేయగలిగిన లెక్క ఉంది.

చదునైన రోడ్డు మీద సైకిల్‌ను వెనక్కి లాగేవి ముఖ్యంగా రెండు. బరువు పడి టైరు నలుగుతూ తిరగడం వల్ల పుట్టే నిరోధం ఒకటి. ఎంత వేగంగా వెళ్లినా ఇది దాదాపు ఒకేలా ఉంటుంది. రెండోది గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఆ అడ్డును రెట్టింపు వేగంతో తోసుకుపోవాలి కనుక, గాలి కోసం కాళ్లు వెచ్చించాల్సిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది. గాలి వసూలు చేసే సుంకం వేగానికి ఘనఫలంలో పెరుగుతుందన్నమాట. డెబ్బై కిలోల మనిషి పదిహేను కిలోల మామూలు సైకిల్ మీద నిటారుగా కూర్చుని, గాలి వీయని పూట తొక్కుతున్నాడనుకుని లెక్క వేస్తే, గంటకు 15 కిలోమీటర్ల వేగానికి సుమారు 50 వాట్లు చాలు. 20కి 90 వాట్లు కావాలి, 25కి 150, 30కి 240. మొదటి వేగంలో గాలి వాటా సగానికి లోపే. చివరి వేగంలో ముప్పాతిక దాటుతుంది. అభ్యాసం లేని ఆరోగ్యవంతుడు గంటల తరబడి ఇబ్బంది పడకుండా ఇవ్వగలిగేది ఇంచుమించు 70 నుంచి 100 వాట్లు. 20కీ 25కీ మధ్య తేడా మీటరు మీద ఐదంకెలే. కాళ్లను మాత్రం మూడింట రెండొంతులు అదనంగా అడుగుతుంది.

దూరాన్ని బాగా ఎరిగినవారి నియమాలూ ఇదే చెబుతాయి. 1891లో పందెంగా మొదలై, తర్వాత ఔత్సాహికుల యాత్రగా మారిన పారిస్–బ్రెస్ట్–పారిస్ దాదాపు 1200 కిలోమీటర్లు. గడువు 90 గంటలు. ఆ బాటలో తొలి మెట్టయిన 200 కిలోమీటర్ల యాత్రకు పదమూడున్నర గంటలు ఇస్తారు. తిండికి, పంక్చర్లకు, సేద తీరడానికి పట్టే సమయమంతా కలుపుకొని సగటున గంటకు 15 కిలోమీటర్లు కూడా అక్కర్లేదు.

ఇక ఇంధనం సంగతి. మనం తిన్న పిండిపదార్థం శరీరంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది: కండరాల్లో నాలుగైదు వందల గ్రాములు, కాలేయంలో వంద గ్రాముల దాకా. అంతా కలిపితే సుమారు 2000 కెలోరీలు. అందులోనూ ఒక మెలిక ఉంది. ఒక కండరంలోని గ్లైకోజెన్ ఆ కండరానికే పనికొస్తుంది. చేతుల్లో, భుజాల్లో దాగినది కాళ్లకు అందదు. కొవ్వుకు మాత్రం కరువు లేదు, ఒక్క కిలో కొవ్వులోనే ఏడు వేల కెలోరీలకు పైగా ఉంటాయి. నెమ్మదిగా తొక్కేటప్పుడు శరీరం కొవ్వును ధారాళంగా వాడుకుంటుంది. ఆయాసం వచ్చే వేగంలో గ్లైకోజెన్ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. తిన్న శక్తిలో పెడల్ దాకా చేరేది 20 నుంచి 25 శాతమే కాబట్టి, పై లెక్క ప్రకారం వంద కిలోమీటర్లకు 15 వేగంలో సుమారు 1250 కెలోరీలు, 25 వేగంలో 2300 కెలోరీలు ఖర్చవుతాయి. దారి అదే, మనిషి అతడే; రెండోసారి మాత్రం ఖర్చు దాదాపు రెట్టింపు, అదీ చిన్న ఖజానాలోంచి. ఆ ఖజానా అడుగంటినప్పుడే కళ్లు తిరిగి, కాళ్లలో సత్తువ ఒక్కసారిగా పోతుంది. దీనికి విరుగుడు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, ఆకలి కోసం ఎదురుచూడకుండా మొదటి గంట నుంచే. ఒక పెద్ద అరటిపండు, రెండు ఖర్జూరాలు, ఓ పల్లీ చిక్కీ ముక్క చాలు. బయల్దేరే ముందు ఇడ్లీ మంచిది. పూరీలో నూనె పొట్టలో చాలాసేపు ఉండిపోతుంది.

అయితే అభ్యాసమే అక్కర్లేదా అని అడగవచ్చు. కావాలి, కానీ అభ్యాసం ఏం చేస్తుందో తెలిస్తే అది ఎలా ఉండాలో తెలుస్తుంది. అమెరికన్ శాస్త్రవేత్త జాన్ హొలోజీ ఎలుకలను కొన్ని వారాలపాటు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వాటి కండరాల్లోని మైటోకాండ్రియా ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి దాదాపు రెట్టింపైందని 1967లో చూపించాడు. ఓర్పు పెరగడమంటే చాలావరకు ఇదే: కండరం ఉబ్బడం కన్నా, కణం లోపల కొవ్వును కాల్చే యంత్రాంగం పెరగడం. ఆయాసపడకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో చేసే సుదీర్ఘ అభ్యాసం ఆ యంత్రాంగాన్ని బాగా పెంచుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు, వారంలో రెండు చిన్న సవారీలు, ఒక పెద్దది. పెద్దదాన్ని మెల్లగా పెంచుతూ నలభై ఐదు కిలోమీటర్ల దాకా తెస్తే, మిగతా పదిహేను యాత్ర రోజు ఉత్సాహమే లాక్కుపోతుంది. పైగా కూర్చునే ఎముకల దగ్గరి చర్మం, అరచేతులు, మెడ కూడా గంటలకు అలవాటు పడాలి. వీటికి జిమ్‌లో యంత్రం లేదు.

మంచి సైకిల్ కొంటే ఈ గొడవంతా తప్పదా అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. కొంత నిజమే: గేర్లు ఎక్కుడులో శ్రమ తీవ్రతను పంచి ఇస్తాయి, హ్యాండిల్ దిగువగా ఉంటే ఒళ్లు వంగి గాలికి అడ్డం తగ్గుతుంది. కానీ గాలి అడ్డులో పెద్ద వాటా మనిషి ఒంటిదే. వేలకు వేలు పోసి మూడు కిలోల బరువు తగ్గించినా, ఎనభై ఐదు కిలోల మొత్తంలో అది మూడున్నర శాతం; చదును దారిలో దాని వల్ల కలిసొచ్చేది ఒకటి రెండు వాట్లు మించదు. గాలి సరిగా కొట్టని టైరు అంతకంటే ఎక్కువే తినేస్తుంది. పైసా ఖర్చు లేని మార్పు సీటు ఎత్తు. రెండు కాళ్లూ నేలకు ఆనాలని మనవాళ్లు సీటును బాగా దించేస్తారు. మోకాళ్లు ముడుచుకునే తొక్కాల్సి వస్తుంది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా సాగాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీల వంపులో నిలుస్తుంది. మోకాలికి అది మంచి కోణం.

గుంపులో వెళ్తే ముందువాళ్లు గాలిని చీలుస్తారు కదా, వేగం పెంచితే తప్పేమిటన్నది ఇంకొంచెం బలమైన వాదన. బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది సైకిలిస్టుల గుంపును కంప్యూటర్‌లోనూ, గాలి సొరంగంలోనూ పరీక్షించి, గుంపు నడిమధ్యన ఉన్నవారికి తగిలే గాలి అడ్డు ఒంటరిగా వెళ్లేవారితో పోలిస్తే 5 నుంచి 10 శాతమేనని తేల్చింది. ఆ అంకె పోటీలలో చక్రానికి చక్రం ఆనుకుని వెళ్లేవారిది. 20 వేగంలో గాలి వాటా 55 వాట్లు. అందులో మూడోవంతు మిగిలినా పద్దెనిమిది వాట్లు. ఆ కాస్త కోసం కొత్తవాడు ముందు చక్రానికి అరమీటరు దూరంలో వెళ్లడం నష్టపు బేరం. ఆ వేగంలో సెకనుకు ఐదున్నర మీటర్లు దూసుకుపోతాం. ముందున్నవాడు గుంటను చూసి బ్రేకు నొక్కితే, వెనకవాడి చేయి కదిలేలోపే చక్రాలు తగులుకుంటాయి, పడేది వెనకవాడే. కొత్తవారికి గుంపు వల్ల నిజమైన ప్రమాదం మరోటి: అందరితో సమానంగా వెళ్లాలన్న తాపత్రయం. ముందువాళ్లు మలుపు దాటి వేగం పెంచిన ప్రతిసారీ చివరివాళ్లు అందుకోవడానికి పరుగు తీయాలి, అంటే మాటిమాటికీ 150 వాట్ల మెట్టు ఎక్కాలి. అందరికంటే నెమ్మదిగా తొక్కేవారిని వెనక్కి నెట్టకుండా ముందు వరుసలో ఉంచడం అందుకే మేలు. వేగాన్ని వాళ్లే నిర్ణయిస్తారు.

నెమ్మదిగా వెళ్తే ఎండలో ఎక్కువసేపు ఉండాలన్నది తోసిపుచ్చలేని అభ్యంతరం. అరవై కిలోమీటర్లకు 15 వేగంలో నాలుగు గంటలు, 20 వేగంలో మూడు. మన వాతావరణంలో పొద్దున ఎనిమిది దాటాక ఆ గంట చిన్నదేమీ కాదు. అలాగని వేగం పెంచితే మరో చిక్కు. 90 వాట్ల పనికి ఒంట్లో సుమారు 300 వాట్ల వేడి పుడుతుంది, 150 వాట్లకు 500. ఆ వేడిని దించేది చెమట. లీటరు ఆవిరైతే దాదాపు 580 కెలోరీల వేడి పోతుంది. కోస్తా ఉక్కలో చెమట ఆవిరవక కారిపోతుంది, కారిన చెమట దండగ. అందువల్ల సరైన జవాబు 16 నుంచి 20 మధ్య వేగం, తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరడం. నీళ్లు దాహాన్ని బట్టి తాగాలి, ఉప్పు వేసిన మజ్జిగో నిమ్మరసమో కలుపుకోవాలి. నీళ్లు అతిగా తాగినా ముప్పే: 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి రక్తంలో సోడియం తక్కువ స్థాయికి పడిపోయింది, వారిలో చాలామంది పరుగు ముగిసేసరికి బరువు పెరిగి ఉన్నారు.

ఇవన్నీ ఒకచోట కలిసే దారి విశాఖపట్నం నుంచి భీమిలికి వెళ్లే బీచ్ రోడ్డు. ఒకవైపు సుమారు ముప్పై కిలోమీటర్లు, రుషికొండ దగ్గర కొద్దిపాటి ఎత్తుపల్లాలు, ఆపైన సముద్రపు ఉక్క. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలో, వానాకాలంలో అక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది. గాలి వేగం గంటకు పది కిలోమీటర్లే అనుకుందాం. భీమిలికి వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, 20 వేగానికి 50 వాట్లే చాలు. కొత్తవాడు తన సత్తాకు తానే మురిసిపోయి 25కి పెంచేస్తాడు. తిరిగొచ్చేటప్పుడు అదే 20కి 160 వాట్లు కావాలి, అప్పటికి ఎండ కూడా ఎక్కుతుంది. కాబట్టి ఆ నెలల్లో వెళ్లేవారు భీమిలి చేరేసరికి తిండిలో సగానికి పైగా మిగుల్చుకోవాలి, తిరుగు ప్రయాణంలో 13 లేదా 14 వేగంతో తృప్తిపడాలి. నవంబరు నుంచి జనవరి దాకా గాలి సాధారణంగా ఈశాన్యం నుంచి వీస్తుంది. అప్పుడు ఎదురుగాలి చల్లని పొద్దులో, కాళ్లు తాజాగా ఉండగా ఎదురవుతుంది, ఇంటికి వచ్చేటప్పుడు వెనక నుంచి సాయం చేస్తుంది. విశాఖలో తొలి యాత్రకు తేదీ వెతుక్కునే బృందానికి ఆ మూడు నెలలే అనువైనవి.