కట్టుమరం నార్వే దాకా వెళ్ళింది

నార్వేలో కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపాయల మీద జనాన్ని చేరవేసే వేగపు పడవలు చాలావరకు జంట అడుగులవి, అంటే కింద రెండు అడుగుభాగాలు పక్కపక్కన ఉన్నవి. వాటిని అక్కడివాళ్ళు 'కటమరాన్' అంటారు. ఇంటింటా తెలిసిన ఆ మాట మైపాడు, కృష్ణపట్నం రేవులున్న మన కోరమాండల్ తీరానిది. కట్టిన మరం, కట్టుమరం.

చెట్టు, చెక్క అనే అర్థమున్న 'మరం' అరవమే. కానీ మన మ్రాను, మాను అదే వేరు నుంచి వచ్చినవి. 'కట్టు' రెండు భాషలకూ సొంతం. నెల్లూరు తీరపు పట్టపువాళ్ళు ఇళ్ళలో మాట్లాడేది తమిళానికి దగ్గరి భాష. అందుకే అక్కడ ఈ మాట పరాయిది కాదు. తెలుగులో దీనికి తెప్ప అనే పేరూ ఉంది. కోనేట్లో దేవుణ్ణి ఊరేగించే తెప్పోత్సవంలో ఉన్నదీ ఆ తెప్పే.

దీని తయారీలోనే అసలు తెలివి ఉంది. తేలిక చెక్క దుంగలు నాలుగైదు పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగిస్తారు. మేకు ఉండదు. అల మీద పడితే నీళ్ళు దుంగల సందుల్లోంచి కిందికి జారిపోతాయి. తోడిపోసే పనే లేదు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, నీరు పీల్చిన దుంగల్ని ఇసుకలో ఆరబెడతారు. ఓడరేవు కట్టని రోజుల్లో మద్రాసు దగ్గర ఓడలు దూరంగా లంగరు వేసేవి. పెద్ద అలల్లో మామూలు పడవ కదల్లేనప్పుడు కట్టుమరం మనుషులే తాటాకు టోపీల్లో ఉత్తరాలు తడవకుండా దాచి ఓడలకు అందించేవారు.

ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో కోరమాండల్ కట్టుమరాల గురించి రాశాడు. పేరు పడమటికి పోయింది, రూపం మాత్రం పోలేదు. 1876లో అమెరికాలో నథానియల్ హెరెషాఫ్ జంట అడుగుల తెరచాప పడవ కట్టి పందెంలో అందరికన్నా ముందు వచ్చాడు. అలాంటి పడవలకే ఈ పేరు స్థిరపడింది. నిజానికి జంట అడుగుల పడవ పసిఫిక్ దీవులవాళ్ళ విద్య. పేరు మనది, పడవ వాళ్ళది!

నార్వే భాషలో 'ఆ పడవ' అని చెప్పాలంటే మాట చివరే ప్రత్యయం చేరుస్తారు: కటమరానెన్. మన మరం అక్కడి వ్యాకరణంలోనూ ఒదిగిపోయింది.

ఇక్కడేమో 2004 సునామీ తర్వాత ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి, దుంగలు అరుదైపోయాయి. మైపాడు వైపు వెళితే పెద్దవాళ్ళను అడగండి: ఏ కట్టు ఎక్కడ వేసేవారో, ఏ దుంగను ఏమనేవారో. ఆ పేర్లు రాసిపెట్టండి.